మెడికేర్ వృద్ధుల మందుల ఖర్చులో తేడాలు

అమెరికాలో 65 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్. అందులో మందుల భాగానికి ‘పార్ట్ డి’ అని పేరు. ఇది 2006 జనవరి 1న మొదలైంది. ఇప్పుడు 5 కోట్ల మందికి పైగా ఇందులో ఉన్నారు. అందరిదీ ఒకే ప్రభుత్వ బీమా కాబట్టి మందుల ఖర్చు కూడా దాదాపు ఒకేలా ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు, కానీ అలా ఉండదు. 2025 జనవరిలో ఒక మందుల షాపు దగ్గర ఇద్దరు ముసలివాళ్లు వరుసలో నిలబడ్డారనుకుందాం. ఇద్దరి చీటీలోనూ రక్తం గడ్డకట్టకుండా వాడే ఎలిక్విస్ మాత్రలే ఉన్నాయి. బాగా పేదరికంలో ఉండి ప్రభుత్వ అదనపు సాయం పొందే మొదటి మనిషి 4 డాలర్ల 80 సెంట్లు ఇచ్చి సీసా తీసుకుంటాడు. సాయం లేని రెండో మనిషి ప్లాన్‌లో ఏడాది మొదట్లో సొంతంగా పెట్టుకోవాల్సిన మొత్తం, అంటే డిడక్టిబుల్, 590 డాలర్ల దాకా ఉండవచ్చు. అలాగైతే ఆ నెల మాత్రల ధర మొత్తం, 500 డాలర్లకు పైన, ఆయనే కట్టాలి. జబ్బు, మాత్ర, షాపు అన్నీ ఒకటే అయినా ఖర్చులో వంద రెట్ల తేడా ఉంది.

ఇలాంటి తేడాలను జబ్బు తీవ్రత కొంతవరకే నిర్ణయిస్తుంది. ఆదాయం ఏ గీతకు ఇవతల ఉంది, ఏ ఊళ్లో ఏ డాక్టరు చీటీ రాశాడు, ఏ కంపెనీ ప్లాన్ తీసుకున్నారు, మందు నోటితో మింగేదా సూదితో ఎక్కించేదా, చివరికి పుట్టినరోజు ఏ నెలలో వచ్చింది అన్నవి కూడా అంతే బలంగా పనిచేస్తాయి.

ఖర్చు అంటే ఏ ఖర్చు

ఈ విషయం చదివేటప్పుడు రెండు లెక్కలను వేరుచేసి పెట్టుకోవాలి. మందుకు షాపులో పడిన పూర్తి ధర ఒకటి. అందులో బీమా వాటా, ప్రభుత్వ వాటా, రోగి వాటా కలిసి ఉంటాయి. రోగి తన జేబులోంచి తీసి ఇచ్చింది రెండోది. ఈ రెండూ ఒకేవైపు నడవవు. ప్రభుత్వ సాయం పొందే పేద వృద్ధులకు జబ్బులు ఎక్కువ కాబట్టి తలకు పడే పూర్తి ధర మిగతావారి కంటే ఎక్కువే, జేబు ఖర్చు మాత్రం చాలా తక్కువ. మధ్యతరగతి వృద్ధుల లెక్క దీనికి తిరగబడి ఉంటుంది.

తెర వెనక నడిచే మూడో లెక్క కూడా ఉంది. మందుల కంపెనీలు బీమా ప్లాన్లకు రిబేటు ఇస్తాయి. ఆ బేరాలు నడిపే మధ్యవర్తి సంస్థల్లో సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్‌ఎక్స్ అనే మూడింటి చేతుల మీదుగానే దేశంలోని చీటీల్లో 80 శాతం దాకా నడుస్తాయి. ఈ రిబేటు రోగి దాకా నేరుగా రాదు. రోగి వాటాను శాతంలో లెక్కగట్టినప్పుడు దాన్ని రిబేటు తీసేసిన ధర మీద కాక, అచ్చువేసిన పాత ధర మీదే లెక్కిస్తారు. ఖరీదైన మందు వాడే రోగి తాను కట్టే డబ్బుతో అందరి ప్రీమియాన్ని కొంత తగ్గిస్తున్నాడన్నమాట. బీమా అన్నది ఆరోగ్యవంతుల డబ్బుతో రోగిని ఆదుకోవడానికి పుట్టింది. ఇక్కడ అది తలకిందులైంది, ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

మందులు లేని బీమా

1965 జూలై 30న మిస్సోరి రాష్ట్రం ఇండిపెండెన్స్ పట్టణంలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం చేశారు. మొదటి కార్డు మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌కు ఇచ్చారు. ఆస్పత్రి ఖర్చుకు పార్ట్ ఎ, డాక్టరు ఫీజుకు పార్ట్ బి ఏర్పాటయ్యాయి గానీ ఇంట్లో మింగే మాత్రలకు ఏమీ లేదు. జబ్బు అంటే ఆస్పత్రిలో పడుకోవడమే అనుకున్న కాలం అది. బీపీకి, షుగరుకు, కొలెస్ట్రాల్‌కు జీవితాంతం మాత్రలు వేసుకునే రోజులు తర్వాత వచ్చాయి, చట్టం మాత్రం అక్కడే ఉండిపోయింది.

1988లో మందులను కూడా చేరుస్తూ ఒక చట్టం చేశారు. దానికయ్యే ఖర్చును వృద్ధుల మీదే, అందులోనూ కాస్త ఆదాయం ఉన్నవారి మీద, ఏటా 800 డాలర్ల దాకా అదనపు పన్నుగా వేశారు. 1989 ఆగస్టులో షికాగోలో ఆ చట్టానికి ముఖ్యుడైన, ప్రతినిధుల సభ పన్నుల కమిటీ అధ్యక్షుడు డాన్ రాస్టెన్‌కౌస్కీ కారును వృద్ధులు చుట్టుముట్టారు. ఆయన కారు దిగి పరుగెత్తాల్సి వచ్చింది. అదే ఏడాది చట్టాన్ని రద్దుచేశారు. ఆ దెబ్బకు జడిసిన నాయకులు 14 ఏళ్ల పాటు మళ్లీ మందుల చట్టం తేలేకపోయారు.

ఆ మధ్యకాలంలో ఎవరి తిప్పలు వారు పడ్డారు. పాత యజమాని కంపెనీ ఇచ్చే బీమా ఉన్నవారు గట్టెక్కారు. పెన్సిల్వేనియా రాష్ట్రం 1984 నుంచి లాటరీ టికెట్ల ఆదాయంతో వృద్ధులకు మందుల పథకం నడిపింది, మరికొన్ని రాష్ట్రాలూ తమ పథకాలు పెట్టుకున్నాయి. ఏదీ లేనివారు కెనడా సరిహద్దు దాటారు. 1999లో వెర్మాంట్ ప్రతినిధి బెర్నీ సాండర్స్ తన రాష్ట్రంలోని రొమ్ము క్యాన్సర్ రోగులను బస్సులో మాంట్రియల్ తీసుకెళ్లారు. వాళ్లు వాడే టామాక్సిఫెన్ మాత్రలు అక్కడ అమెరికా ధరలో పదో వంతుకే దొరికాయి. వృద్ధులు బస్సులెక్కి మందులకు పొరుగుదేశం పోవడం చూశాకే ఈ విషయం ఎన్నికల సభల్లోకి వచ్చింది.

2003 నవంబరు 22 తెల్లవారుజామున దాదాపు మూడు గంటలు సాగిన ఓటింగులో ప్రతినిధుల సభ 220–215 ఓట్లతో కొత్త బిల్లును గట్టెక్కించింది. డిసెంబరు 8న జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేశారు. ప్రభుత్వం తానే మందులివ్వకుండా, ప్రైవేటు బీమా కంపెనీల ప్లాన్లకు డబ్బిచ్చి నడిపించే పద్ధతి పెట్టారు. మందుల ధర గురించి ప్రభుత్వం కంపెనీలతో బేరమాడకూడదని చట్టంలోనే రాశారు. ఆ ఒక్క వాక్యం దాదాపు రెండు దశాబ్దాలు నిలిచింది.

గారె చిల్లు

పార్ట్ డి మొదటి ఏడాది లెక్క ఇది. మొదటి 250 డాలర్లు రోగివే. అక్కడి నుంచి మందుల మొత్తం ధర 2,250 చేరేదాకా రోగి పావు వంతు, ప్లాన్ ముప్పావు వంతు పెట్టుకుంటాయి. 2,250 నుంచి 5,100 దాకా బీమా లేనట్టే, అంతా రోగిదే. 5,100 దాటితే రోగి 5 శాతం మాత్రమే కడతాడు. మధ్యలో బీమా మాయమయ్యే ఈ ఖాళీకి అమెరికన్లు వాళ్లు తినే డోనట్ చిల్లు పేరు పెట్టారు. మనం గారె చిల్లు అనుకోవచ్చు. పథకానికి చట్టసభ కేటాయించిన సొమ్ము సరిపోక ఎక్కడో ఒకచోట తెంపాల్సి వచ్చి, జబ్బు ముదిరిన చోటే తెంపారు.

నెలకు 150 డాలర్ల మందులు వాడే మనిషికి ఏడాదికి 1,800 డాలర్ల ధర పడుతుంది. జేబు ఖర్చు 637 డాలర్ల 50 సెంట్లు. చిల్లు దగ్గరికే ఆయన రాడు. నెలకు 400 డాలర్ల మందులు వాడే వృద్ధురాలు జనవరిలో 287 డాలర్లకు పైగా, ఫిబ్రవరి నుంచి మే దాకా నెలకు 100 కడుతుంది. జూన్ నెల మధ్యలో చిల్లులో పడుతుంది, ఆ నెల 212 డాలర్లు దాటుతుంది. జూలై నుంచి డిసెంబరు దాకా ప్రతినెలా పూర్తి 400. ఏడాదికి 3,300 డాలర్లు, పైన ప్రీమియం వేరు. మందులు రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువైతే జేబు ఖర్చు అయిదు రెట్లకు మించింది. ఆమే కటిక పేదదై, నెలకు మూడు జెనరిక్, రెండు బ్రాండెడ్ మందులు వాడుతుంటే, ఆ ఏడాది నిబంధన ప్రకారం జెనరిక్‌కు ఒక డాలరు, బ్రాండెడ్‌కు మూడు డాలర్ల చొప్పున నెలకు 9, ఏడాదికి 108 డాలర్లతో పోయేది.

2010లో ఒబామా ప్రభుత్వపు చట్టం ఈ చిల్లును పూడ్చడం మొదలుపెట్టింది. మొదట ఆ ఏడాది అందులో పడిన వృద్ధులకు 250 డాలర్ల చెక్కులు పంపారు. 2011 నుంచి బ్రాండెడ్ మందుల మీద కంపెనీలు సగం ధర తగ్గించాయి. పూర్తిగా పూడేసరికి 2020 వచ్చింది. అప్పటికి ఒక తరం వృద్ధులు ఆ చిల్లులోంచే నడిచి వెళ్లారు.

ఆ చిల్లు ఏంచేసిందో హార్వర్డ్ ఆర్థికవేత్త అమితాభ్ చంద్ర, ఇవాన్ ఫ్లాక్, జియాద్ ఒబర్‌మేయర్ కలిసి పట్టుకున్న తీరు చెప్పుకోదగింది. 65 నిండిన నెలలో వృద్ధులు పార్ట్ డిలో చేరతారు. చేరింది ఫిబ్రవరిలోనైనా సెప్టెంబరులోనైనా మొదటి ఏడాది చిల్లు హద్దు డాలర్లు మారవు. కాబట్టి ఫిబ్రవరిలో పుట్టినవాడు డిసెంబరు నాటికి చిల్లులో పడే అవకాశం ఎక్కువ, సెప్టెంబరులో పుట్టినవాడికి తక్కువ. ఇద్దరి ఆరోగ్యంలో ఏ తేడా లేకపోయినా ధర మాత్రం మారిందన్నమాట. డిసెంబరులో ఎక్కువ కట్టాల్సి వచ్చినవారు మందులు తగ్గించుకున్నారు, వారిలో మరణాలు పెరిగాయి. వాళ్లు మానింది అక్కర్లేని మందులను కాదు. గుండెపోటు ముప్పు ఎక్కువున్నవారే గుండె మందులను మరింతగా మానుకున్నారు. పెద్దలు డబ్బు విలువ తెలిసి అనవసరమైనవి మానేస్తారనే వాదన మీద రోగి వాటాలు పెట్టారు. ఈ పరిశోధన తర్వాత ఆ వాదన నిలవదు.

ఆదాయం గీత

తక్కువ ఆదాయం ఉన్నవారికి మందుల్లో ఇచ్చే అదనపు సాయాన్ని అక్కడ ‘ఎక్స్‌ట్రా హెల్ప్’ అంటారు. పేదల బీమా మెడికెయిడ్ కూడా ఉన్నవారికి అది దానంతటదే వస్తుంది, మిగతావారు దరఖాస్తు పెట్టుకోవాలి. 2025లో ఒంటరి మనిషికి ఏడాది ఆదాయం 23,475 డాలర్ల లోపు, దాచుకున్న సొమ్ము 17,600 డాలర్ల లోపు ఉండాలి. ఉంటున్న ఇల్లు, కారు లెక్కలోకి రావు. అర్హత ఉండి దరఖాస్తు పెట్టనివారు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారు. ఫారాలు తెలియకపోవడం, ప్రభుత్వ దానం పుచ్చుకోవడానికి మొహమాటం, ఇంగ్లిషు రాకపోవడం అన్నీ అడ్డే.

గీత కాస్త దాటినవారి కష్టం వేరు. అంత్యక్రియల కోసమో మనవరాలి చదువు కోసమో 20 వేలు దాచుకున్న మనిషికి ఆదాయం ఎంత తక్కువైనా చాలా రాష్ట్రాల్లో సాయం రాదు. మితవ్యయం ఇక్కడ శిక్షగా మారింది. అటు ఆదాయం బాగా ఎక్కువ ఉన్నవారు 2011 నుంచి పార్ట్ డికి అదనపు ప్రీమియం కడుతున్నారు.

ప్యూర్టోరికో సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి వృద్ధులు అమెరికా పౌరులే, మెడికేర్ పన్ను కట్టినవారే. అయినా ఆ ద్వీపంలోనూ, గువామ్ వంటి ఇతర భూభాగాల్లోనూ ఉండేవారికి ఎక్స్‌ట్రా హెల్ప్ వర్తించదు. వారికి బదులుగా ప్రభుత్వాలకు ఒక పరిమిత మొత్తం ఇస్తారు. అక్కడి పేద వృద్ధురాలు విమానమెక్కి ఫ్లోరిడాలోని కూతురింటికి మారితే అర్హురాలవుతుంది. ఆమె జబ్బు, ఆదాయం ఏమీ మారకపోయినా చిరునామా మారింది కాబట్టి సాయం వస్తుంది.

ఊరిని బట్టి చీటీ

వైద్య ఖర్చు ఊరూరికీ మారుతుందని డార్ట్‌మత్ కళాశాల పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. దేశాన్ని 306 ఆస్పత్రి ప్రాంతాలుగా విడదీసి వాళ్లు గీసిన పటాలు ప్రసిద్ధం. మందుల ఖర్చు కూడా అలాగే మారుతుందా అన్న ప్రశ్నకు పార్ట్ డి లెక్కలు బయటికి వచ్చాకే జవాబు దొరికింది. 2010లో యూటింగ్ ఝాంగ్, కేథరిన్ బేకర్, జోసెఫ్ న్యూహౌస్ ప్రచురించిన పరిశోధన ప్రకారం మందుల ఖర్చు ప్రాంతాన్ని బట్టి మారుతుంది, కానీ ఆస్పత్రి ఖర్చు ఎక్కువున్న చోటే మందుల ఖర్చూ ఎక్కువ ఉంటుందని చెప్పలేం. రెండింటి దారులు వేరు.

కారణం ఎక్కడుందో 2012లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు జూలీ డోనహ్యూ బృందం చూపింది. వాళ్లు 2008 లెక్కలు తీసుకుని, రోగుల ఆరోగ్యంలో తేడాలను సరిచేసి, ఎక్కువ ఖర్చు పెట్టే ప్రాంతాలను తక్కువ ఖర్చు పెట్టే ప్రాంతాలతో పోల్చారు. తేడాలో దాదాపు ముప్పావు వంతు చీటీల సంఖ్య వల్ల రాలేదు, ఒక్కో చీటీ ధర వల్ల వచ్చింది. తక్కువ ఖర్చు ప్రాంతాల్లో చీటీకి సగటున 53 డాలర్లు పడితే ఎక్కువ ఖర్చు ప్రాంతాల్లో 63 పడింది. మొత్తం చీటీల్లో బ్రాండెడ్ మందుల వాటా ఒక ప్రాంతంలో 24 శాతం ఉంటే మరో ప్రాంతంలో 45 శాతం దాకా ఉంది. అంటే ఖర్చు ఎక్కువైన ఊళ్లలో ముసలివాళ్లు మరీ ఎక్కువ మాత్రలేమీ మింగడం లేదు, అదే పనిచేసే మాత్రను ఖరీదైన పేరుతో మింగుతున్నారు. డాక్టరు చేతి అలవాటు, కంపెనీ ప్రతినిధి రాకపోకలు, పక్క డాక్టరు ఏం రాస్తున్నాడన్నది, టీవీ ప్రకటనలు ఇలాంటి అలవాట్లను పెంచుతాయి. బీపీ మందుల్లో ఈ తేడా బాగా ఎక్కువ, దిగులు జబ్బు మందుల్లో తక్కువ.

ప్లాన్ ఎంపిక దీనికి తోడు. ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా ప్లాన్ మార్చుకునే గడువు ఉంటుంది. ఒక్కో ప్రాంతంలో పదుల ప్లాన్లు, ఒక్కోదానికి వేరే మందుల జాబితా, వేరే తరగతులు, ‘ఇష్టమైన’ షాపుల వేరే వరుస ఉంటాయి. తక్కువ తరగతిలో ఉన్న మందు మరో ప్లాన్‌లో పై తరగతిలో ఉండవచ్చు, కొత్త ఏడాది జాబితాలోంచే పోవచ్చు. జేసన్ అబాలక్, జొనాథన్ గ్రూబర్ 2011లో చూపినట్టు, తమ మందులకు అతి తక్కువ ఖర్చయ్యే ప్లాన్‌ను ఎంచుకున్న వృద్ధులు చాలా కొద్దిమంది. కనిపించే ప్రీమియం తగ్గితే చాలనుకుని, ఏడాది పొడవునా షాపులో పడే భారాన్ని చాలామంది లెక్కవేయలేకపోయారు. ఎనభై ఏళ్ల మనిషి, సగం కనపడే కళ్లతో, ఆ పట్టికలను పోల్చి గెలవాలని ఆశించడమే తప్పు.

37 లక్షల మంది, 20 వేల మంది

పార్ట్ డి చీటీల్లో పదింట తొమ్మిది దాకా జెనరిక్‌లే, కానీ డబ్బులో పెద్దవాటా మిగిలిన పదో వంతు చీటీలదే. 2022 జూన్ నుంచి 2023 మే దాకా ఒక్క ఏడాదిలో పది మందులకే 5,050 కోట్ల డాలర్లు పోయాయి. ఆ కాలపు పార్ట్ డి మొత్తం ధరలో అది అయిదో వంతు.

ఆ పదింటిలోనూ రెండు రకాలున్నాయి. ఎలిక్విస్‌ను 37 లక్షల మంది వాడారు, 1,648 కోట్ల డాలర్లయ్యాయి. తలకు దాదాపు 4,450 డాలర్లు. రక్త క్యాన్సర్‌కు వాడే ఇంబ్రూవికాను వాడింది కేవలం 20 వేల మంది, అయింది 266 కోట్ల డాలర్లు. తలకు లక్షా 33 వేల డాలర్లు. ఒకటి మామూలు ధరకు కాస్త మించిన మందును లక్షలమంది వాడటం వల్ల, రెండోది కొద్దిమంది అందుకోలేని ధరకు కొనడం వల్ల ఖజానా మీద పడిన భారం. సగటు లెక్క ఈ రెండింటినీ కలిపేసి ఎవరికీ చెందని ఒక అంకెను చూపిస్తుంది.

2023 దాకా పై దశలో రోగి కట్టే 5 శాతానికి హద్దు లేదు. ఇంబ్రూవికా వాడే మనిషికి ఆ 5 శాతమే ఏటా 6 వేల డాలర్లు దాటేది, ముందు దశల్లో కట్టింది దానికి అదనం. సోషల్ సెక్యూరిటీ పింఛను మీద బతికే మనిషికి ఆ ముందు దశల మొత్తం జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే వచ్చిపడేది. మాత్ర వేసుకుంటే క్యాన్సర్ అదుపులో ఉంటుందని తెలిసి కూడా మొదటి నెల బిల్లు చూసి చీటీని షాపులోనే వదిలేసి వెళ్లినవారున్నారు.

కంటి సూది

నోటి మాత్రలు పార్ట్ డి కిందికి వస్తే, డాక్టరు చేతిమీదుగా ఎక్కించే మందులు పార్ట్ బి కిందికి వస్తాయి. వాటి కథ వేరే పుస్తకమంత ఉంది. ఒక్క ఉదాహరణ చాలు. వయసు మీదపడి కంటిపొర దెబ్బతిన్నవారికి లూసెంటిస్ అనే సూది వేస్తారు. క్యాన్సర్‌కు చేసిన అవాస్టిన్‌ను చిన్న మోతాదుల్లోకి విడదీసి అదే పనికి వాడతారు. రెండింటినీ అమెరికా ప్రభుత్వ డబ్బుతో పక్కపక్కన పెట్టి పరీక్షించారు. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం చూపు కాపాడటంలో రెండూ సమానం. అప్పటికి లూసెంటిస్ సూది దాదాపు 2,000 డాలర్లు, అవాస్టిన్ దాదాపు 50.

పార్ట్ బిలో రోగి వాటా 20 శాతం. అంటే ఒక సూదికి 400 డాలర్లు, మరోదానికి 10. డాక్టరుకు మందు సగటు ధర మీద 6 శాతం అదనంగా ఇవ్వడం నియమం. ఆ లెక్కన ఒకదానికి 120 డాలర్లు, రెండోదానికి 3. ఖరీదైన సూది వాడిన డాక్టరుకే ఎక్కువ వచ్చేలా నియమం ఉన్నప్పుడు, ఆస్పత్రి ఆస్పత్రికీ ఈ రెండు సూదుల వాడకం మారిపోవడంలో వింతేముంది? అవాస్టిన్‌నే వేసే మంచి డాక్టర్లు వేలమంది ఉన్నారు. వారు నియమానికి ఎదురీదుతూ ఆ పని చేస్తున్నారు.

మాజీ సైనికుల కార్డు

ప్రభుత్వ బీమాలోనే ఇంకో దారి ఉంది. మాజీ సైనికుల శాఖ తన ఆస్పత్రుల్లో, తన మందుల షాపుల్లో, దేశమంతటికీ ఒకే మందుల జాబితాతో పనిచేస్తుంది. 1992 చట్టం ప్రకారం కంపెనీలు ఆ శాఖకు కనీసం 24 శాతం తగ్గింపు ఇవ్వాలి, దానిమీద శాఖ ఇంకా బేరమాడుతుంది. 2017 ధరలను పోల్చిన ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం, 399 మందుల్లో మాజీ సైనికుల శాఖ మెడికేర్ కంటే సగటున 54 శాతం తక్కువ కట్టిందని తేల్చింది. అక్కడ రోగి వాటా 30 రోజుల మందుకు 5, 8, 11 డాలర్ల మూడు మెట్లు, ఏడాదికి 700 దాటకూడదు. చాలామందికి అదీ ఉండదు.

షుగరు రోగులను తీసుకుని రెండు పద్ధతులను పోల్చిన వాలిద్ గెలాడ్ బృందం 2013లో చూపినదేమంటే, మెడికేర్ రోగులు బ్రాండెడ్ మందులను మాజీ సైనికుల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ వాడుతున్నారు. మెడికేర్ కూడా అదే తీరున వాడి ఉంటే ఒక్క ఏడాదిలో వంద కోట్ల డాలర్లకు పైగా మిగిలేవి. వయసు, జబ్బు, దేశం ఒకటే అయినా మందులు కొనే పద్ధతి వేరు కాబట్టి ఖర్చు వేరైంది.

తక్కువ ఖర్చు అన్నివేళలా మంచి కబురు కాదు

నల్లజాతి, హిస్పానిక్ వృద్ధుల మందుల ఖర్చు తెల్లవారి కంటే తక్కువని, అదే జబ్బు ఉన్నవారిని పోల్చినా తక్కువేనని పార్ట్ డికి ముందునుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. ఇది వారి అదృష్టమని అనలేం. మందు రాయించుకోకపోవడం, రాసినా కొనకపోవడం, కొన్నా రోజు విడిచి రోజు వేసుకోవడం కూడా లెక్కల్లో తక్కువ ఖర్చుగానే కనపడతాయి. అందుకని పరిశోధకులు ఖర్చుతో పాటు, డబ్బు లేక మందు మానారా అన్న ప్రశ్న కూడా అడుగుతారు. పార్ట్ డి రాకముందు 2005లో మెడికేర్ సభ్యుల్లో 14.1 శాతం అవునన్నారు. వచ్చాక 2006లో అది 11.5 శాతానికి దిగింది. దిగడం మంచిదే. కానీ బాగా జబ్బుగా ఉన్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని అదే పరిశోధన చెప్పింది. గారె చిల్లులో పడే అవకాశం ఎక్కువున్నదీ వారికే.

ప్రవాస తెలుగువారి ఇళ్లలో

ఈ లెక్కలు తెలుగు ఇళ్లలోకి రెండు దారుల్లో వచ్చాయి. పిల్లల దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వెళ్లి స్థిరపడిన అమ్మానాన్నలు ఒక దారి. 65 నిండి, అయిదేళ్లు వరుసగా ఉన్నాక వాళ్లు మెడికేర్‌లో చేరవచ్చు. కానీ వాళ్లు అక్కడ పదేళ్లు, అంటే 40 క్వార్టర్లు, పనిచేసి పన్ను కట్టినవారు కాదు. అలాంటివారికి 2025లో పార్ట్ ఎ ప్రీమియమే నెలకు 518 డాలర్ల దాకా, పార్ట్ బికి మరో 185. పార్ట్ బి ఒక్కటి తీసుకుని పార్ట్ డిలో చేరేవారూ ఉన్నారు. సందర్శక వీసా మీద ఆరు నెలలకు వచ్చే తల్లిదండ్రులకు ఇవేవీ లేవు.

అందుకే శంషాబాద్ విమానాశ్రయంలో బరువు తూచే చోట సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన మందుల కవర్లు కనిపిస్తాయి. డాక్టరు చీటీ జిరాక్సు, రబ్బరు బ్యాండు చుట్టిన మాత్రల అట్టలు, మీద స్కెచ్‌పెన్నుతో ‘ఉదయం’, ‘రాత్రి’ అని రాతలు ఉంటాయి. షుగరుకు వాడే సిటాగ్లిప్టిన్‌నే చూడండి. దాని పేటెంటు మన దేశంలో 2022 జూలైలో ముగిసింది. ఆ సెప్టెంబరులో జన ఔషధి కేంద్రాల్లో 100 మిల్లీగ్రాముల మాత్రలు పది వంద రూపాయలకు వచ్చాయి. నెలకు 300 రూపాయలు. అదే మందు జానూవియా పేరుతో అమెరికాలో 2023లో నెలకు 527 డాలర్లు. ఇక్కడ కొన్న మందు అక్కడి బీమా లెక్కలో చేరదు. అలా కొనేవారి ఖర్చు ఏ మెడికేర్ పటంలోనూ ఉండదు.

రెండో దారి మందుల తయారీది. హైదరాబాదు కంపెనీలు చేసే జెనరిక్‌లు ఆ దేశపు షాపుల అరల్లో ఉంటాయి. ఎముక మజ్జ క్యాన్సర్‌కు వాడే రెవ్లిమిడ్ పార్ట్ డి డబ్బును ఏళ్లతరబడి అత్యధికంగా మింగిన మందుల్లో ఒకటి. హైదరాబాదుకు చెందిన నాట్కో 2015లో పేటెంటు కంపెనీ సెల్జీన్‌తో రాజీకి వచ్చింది. నాట్కో తయారుచేసిన జెనరిక్‌ను దాని భాగస్వామి టెవా 2022 మార్చిలో అమెరికా మార్కెట్లోకి దించింది. అదే ఏడాది సెప్టెంబరులో డాక్టర్ రెడ్డీస్ తనది దించింది. అయితే 2026 జనవరి చివరి దాకా ఇంత పరిమాణమే అమ్మాలని రాజీలో హద్దు పెట్టారు. జెనరిక్ వచ్చినా ధర వెంటనే పడిపోకపోవడానికి ఇలాంటి రాజీలు ఒక ముఖ్య కారణం.

2022 చట్టం తర్వాత

2022 ఆగస్టు 16న జో బైడెన్ సంతకం చేసిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం, 2003 నాటి బేరం వద్దన్న వాక్యాన్ని కొంత మేర తీసేసింది. 2023లో ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటకూడదన్నారు, పెద్దల టీకాలు ఉచితమయ్యాయి. 2024లో పై దశలోని 5 శాతం పోయింది, పూర్తి ఎక్స్‌ట్రా హెల్ప్ మరికొంత ఆదాయం ఉన్నవారికీ అందింది. 2025లో పార్ట్ డి మందుల జేబు ఖర్చుకు ఏడాదికి 2,000 డాలర్ల హద్దు పడింది, దాన్ని నెలనెలా వాయిదాల్లో కట్టే వీలూ వచ్చింది. 2026కు ఆ హద్దు 2,100. ఇంబ్రూవికా వాడే మనిషికి ఇది ప్రాణం పోసిన మార్పు. నెలకు నాలుగు జెనరిక్‌లతో సరిపెట్టుకునేవారికి దాదాపు ఏ తేడా లేదు.

బేరం కుదిరిన మొదటి పది మందుల కొత్త ధరలు 2024 ఆగస్టు 15న ప్రకటించారు, 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నెల మందుకు జానూవియా 527 నుంచి 113 డాలర్లకు, ఎలిక్విస్ 521 నుంచి 231కి, ఇంబ్రూవికా 14,934 నుంచి 9,319కి దిగాయి. రెండో విడతలో ఒజెంపిక్‌తో సహా 15 మందుల ధరలు 2027లో అమలవుతాయి.

హద్దు పడింది పార్ట్ డికే. కంటి సూదులకు, ఆస్పత్రిలో ఎక్కించే క్యాన్సర్ మందులకు పార్ట్ బిలో 20 శాతం వాటా అలాగే ఉంది. ప్రభుత్వమే నేరుగా నడిపే పాత మెడికేర్‌లో ఉండి, పైన అదనపు బీమా కొనుక్కోలేనివారికి దాని మీద ఏ హద్దూ లేదు.